జిలేబిని నీళ్లు దాటించడం

ప్రత్తిపాడు,
జనవరి 21.

అమ్మా సిద్దికా,

దువా. ఈ రోజు ఎండ ఎక్కేదాకా మంచు విడవలేదు. పత్తి ఆఖరి తీత అయిపోయింది. కట్టె పీకించి గట్టున వేయించాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో నా గొంతు అచ్చం ముస్తాక్ గొంతులా ఉంటుందనీ, అది విన్న రోజు పాప నిద్రపోదనీ, ఇకమీద ఏమున్నా రాయమనీ మీ అన్న మాలిక్ చెప్పాడు. మంచిది, రాస్తాను. మోటారు దగ్గర కరెంటు కొట్టి తమ్ముడు పోయాడు గాని వాడి గొంతు నా దగ్గర మిగిలింది. దాన్ని నేనెక్కడ పెట్టను?

జిలేబి బాగానే ఉంది. రహిమున్నీసా పాలు పోస్తే తాగుతుంది. ఎలకల్ని పడుతుంది. పడుకునేది మాత్రం షాహిస్తా మంచం మీదే. ఆ మంచం మేమెవరం వాడటం లేదు, దుప్పటి కూడా మార్చలేదు.

పాప పిల్లి కోసం బెంగపడుతోంది, పంపమని రాశావు. పిల్లిని అంత దూరం తిప్పడమెందుకు? పాపనే ఇక్కడికి పంపు. సెలవులకని కాదు. నా మనసులో మాట ఇంతకుముందు చెప్పాను, ఇప్పుడు రాసి ఇస్తున్నాను. షాహిస్తా ముస్తాక్ బిడ్డ, ఇది ముస్తాక్ ఇల్లు. నాకూ రహిమున్నీసాకూ పిల్లలు లేరు. నీకు ముప్ఫై దాటలేదు, రేపో మాపో ఇంకో ఇల్లు కుదురుతుంది, ఇంకా పిల్లలు పుడతారు. మా ముస్తాక్‌కి ఇంక పుట్టరు. పాపని మాకు వదిలిపెట్టు.

ఆలోచించి రాయి.

ఇమాం హుస్సేన్.


దాచేపల్లి,
ఫిబ్రవరి 3.

బావగారికి సలాం.

ఆలోచించడానికేమీ లేదు. పాపని ఇవ్వను. ఈ మాట మీరు ఎన్నిసార్లు అడిగినా నేను ఇంతే రాస్తాను, కాగితం ఖర్చు తప్ప మీకు మిగిలేదేం లేదు.

మీ తమ్ముడు పోయిన నలభయ్యో రోజున మీరు పదిమందిలో ఏమన్నారో నేను మరిచిపోలేదు. ‘పొలం మాది, బిడ్డ మాది, నువ్వు కావాలంటే వెళ్లు’ అన్నారు. నేను వెళ్లాను. బిడ్డని చంకన పెట్టుకుని వెళ్లాను. పిల్లి చేతిలో పట్టలేదు, అందుకని వదిలేశాను. అంతే తప్ప మీ ఇంట్లో నా వస్తువులు కావాలని వదిలి రాలేదు.

జిలేబిని పెంచింది పాప. వాళ్ల నాన్న వానలో తడిసిన పిల్లికూనని చొక్కాలో పెట్టుకుని తెస్తే అది చెంచాతో పాలు పట్టి బతికించింది. ఇప్పుడు మా వదిన షహనాజ్ గిన్నెలు కడుగుతుంటే అడుగుతోంది: ‘అత్తా, జిలేబి నన్ను మరిచిపోయుంటుందా?’ అని. మా వదిన ఏం చెబుతుంది? ఆవిడకి పిల్లి అంటే ఎలక తిని బతికే జంతువు.

మీకు కారుంది. మిర్చి యార్డుకి వారంలో సగం రోజులు గుంటూరు వస్తూనే ఉంటారు. అక్కణ్ణించి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా వచ్చేయొచ్చు. ముస్తాక్ మీద మీకు నిజంగా ప్రేమ ఉంటే ఆయన తెచ్చిన పిల్లిని ఆయన బిడ్డకి తెచ్చివ్వండి. దానికి బదులుగా మాత్రం ఏమీ అడగకండి.

సిద్దికా.


ప్రత్తిపాడు,
ఫిబ్రవరి 20.

సిద్దికాకు,

దువా. ఎండ బాగా కాస్తోంది, మబ్బు లేదు. కల్లంలో మిరపకాయ తిరగేయించాను. నిన్న నేను అక్కడ లేకపోవడంతో కూలీలు సరిగా పరచలేదు.

పిల్లిని తెచ్చిచ్చాను. నువ్వు గడప లోపలే నిలబడ్డావు కాబట్టి దారి సంగతి చెప్పడానికి వీలు పడలేదు. రాస్తున్నాను.

తెల్లారి రహిమున్నీసా దాన్ని పండ్ల బుట్టలో పెట్టి మూత తాడుతో కట్టింది. ఊరు దాటగానే మూత నెట్టుకుని బయటికొచ్చింది. ముందు నా భుజమెక్కింది, తర్వాత స్టీరింగ్ మీదికి వచ్చింది. ఒక లారీవాడు పక్కనించి పోతూ ‘అన్నా, డ్రైవర్ని మార్చావా?’ అని అరిచాడు. ఎలాగో గుంటూరు చేరి యార్డు గేటు దగ్గర ఆపాను. అక్కడ బస్తాలు మోసే మాబు తెలుసు కదా. వాడు తొంగి చూశాడు.

‘ఏంటి హుస్సేన్ భాయ్, వేలానికి తెచ్చావా? రంగు బాగుంది. తేమ ఎంతుందో?’

‘దాచేపల్లి దాకా పోవాలిరా. బుట్టలో ఉండటం లేదు.’

‘గోతంలో వెయ్యి. పిల్లికి చీకటి పడితే నోరు పడిపోద్ది.’

వాడే ఒక ఖాళీ గోతం తెచ్చాడు. ఇద్దరం కలిసి వేసి, మూతి కట్టి వెనక పెట్టాం. సీజన్లో వెనక సీటు తీసేసి కాయే వేస్తాం కాబట్టి చోటు బాగానే ఉంది. మళ్లీ బయటికి దూకుతుందని అద్దాలన్నీ ఎత్తేశాను. సత్తెనపల్లి దాకా అరిచింది. ఆ తర్వాత తుమ్మడం మొదలుపెట్టింది. కారు పడక అనుకున్నాను. పిడుగురాళ్ల దగ్గర పోలీసులు బళ్లు ఆపుతున్నారు.

‘గోతంలో ఏంటి?’

‘పిల్లండి.’

‘ఏరా, ఆటలుగా ఉందా?’

విప్పి చూపించాను. మొహమంతా తడిసి ఉంది. ‘ఏడుస్తోందేంటయ్యా?’ అన్నాడు. ‘పుట్టింటికి పోతోంది సార్’ అన్నాను. నవ్వి వదిలేశాడు.

మీ వాకిట్లో దించగానే పాప పరుగెత్తుకొచ్చింది, గోతం దగ్గరికి. నన్ను చూసి మాలిక్ వెనక్కి పోయింది. ఏడాది కింద నా కంచంలో తిన్న పిల్ల. ఎవరో ఏదో చెప్పి ఉండాలి, ఊరికే అలా చెయ్యదు.

నువ్వు మంచినీళ్లు ఇవ్వలేదు. నేను అడగలేదు.

ఇమాం హుస్సేన్.


దాచేపల్లి,
ఫిబ్రవరి 28.

బావగారూ,

గోతం అని రాశారు. ఏ గోతమో రాయలేదు. మిరపకాయ తొక్కిన గోతం. గింజలు ఇంకా మూలల్లో ఉన్నాయి. దులపను కూడా దులపలేదు. దాన్ని అందులో కట్టి, కారం మెత్తిన కార్లో పడేసి, అద్దాలు ఎత్తేసి, ఎండలో ఇంత దూరం తెచ్చారు. దాని మొహం తడిసి ఉంటే పోలీసుతో హాస్యమాడారు.

పశువుల డాక్టరు చూసి నన్నే తిట్టాడు. ‘కళ్లలో కారం కొట్టారా ఎవరైనా?’ అన్నాడు. అది పంజాతో రుద్దుకుని రుద్దుకుని ఎడమ కన్ను పుండు చేసుకుంది. ఆ కన్ను ఇంక రాదు, తెల్లగా అయిపోయింది. రెండోదైనా నిలబడాలని పాప బడికి పోయే ముందూ వచ్చాకా చుక్కలు వేస్తోంది. పిల్లి గీరితే ఏడవదు. చెయ్యి కడుక్కుని మళ్లీ పట్టుకుంటుంది. నిన్న నన్నడిగింది, ‘పెదనాన్నని గోతంలో కడితే ఆయనకీ ఇలాగే అవుతుందా?’ అని. అవుతుందని చెప్పాను.

పాపని ఇవ్వలేదన్న కసి నోరులేని దాని మీద తీర్చుకున్నారు. అల్లా మీకు పిల్లల్ని ఎందుకివ్వలేదో నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది.

సిద్దికా.


ప్రత్తిపాడు,
మార్చి 12.

సిద్దికాకు,

వడగాలి మొదలైంది. ఉపవాసాల్లో కల్లం పని కష్టంగా ఉంది. ఈ పూట రంగు చెడిన తాలుకాయ ఏరించి వేరే పోశాను.

నీ ఉత్తరాలన్నీ రహిమున్నీసాకి చదివి వినిపిస్తాను, ఆమెకి చదువు రాదు. ఇదీ వినిపించాను. ఆఖరి వాక్యం వదిలెయ్యొచ్చు గాని వదల్లేదు, నువ్వు రాసింది ఆమెకీ చెందుతుంది కనక. ఆమె లేచి వెళ్లి ఇఫ్తారుకి ఖర్జూరాలు కడిగింది. ఆ రోజు నించి షాహిస్తా మంచం మీద దుప్పటి తీసేసింది.

నేను కసితో చెయ్యలేదు. నాకు ఘాటు తెలియలేదు. మాబుకీ తెలియలేదు. యార్డులో పనిచేసేవాడికి, కల్లంలో పడుకునేవాడికి ముక్కు ఎప్పుడో చచ్చిపోతుంది. మా చేతికి అది ఖాళీ గోతం, అంతే. నీ ఉత్తరం వచ్చాక అలాంటిదే ఒకటి తెచ్చి రహిమున్నీసాకి వాసన చూపించాను. జనపనార వాసన వస్తోంది అంది. నువ్వు మాత్రం? పెళ్లయి వచ్చిన కొత్తలో కల్లంలో అడుగుపెడితే తుమ్మి తుమ్మి కూలబడేదానివి. రెండో ఏటికి మానేశావు. ఇక్కణ్ణించి పోయాక మళ్లీ ముక్కు వచ్చినట్టుంది.

కన్ను పోయినందుకు నాకూ బాధే. దులిపి ఉండాల్సింది.

ఒకటి మాత్రం తెలిసింది. పిల్లి కోసం పాప గీరించుకుని కూడా ఏడవదని రాశావు. ఆ పిల్లిని అంటిపెట్టుకుని ఉంటుందన్నమాట. తెలియడం మంచిదే.

ఇమాం హుస్సేన్.


దాచేపల్లి,
జూన్ 9.

బావగారికి, అక్కకి సలాం.

ఇన్నాళ్లూ రాయనందుకు ఏమీ అనుకోకండి. అప్పుడు కోపంలో ఏదో రాశాను. అక్కని బాధపెట్టాలని కాదు.

మీకొక సంగతి చెప్పాలి. వేరేవాళ్ల ద్వారా తెలిసేకంటే నేను రాయడమే మర్యాద. అన్వర్ అని, సిమెంటు ఫ్యాక్టరీలో లారీ నడుపుతాడు. మాలిక్ అన్న సంబంధం చూశాడు. మొహర్రం నెల రాకముందే నికా అయిపోవాలంటున్నారు. పాపని తెచ్చుకోమన్నారు, తన బిడ్డలాగే చూసుకుంటానని అన్వర్ పదిమందిలో అన్నాడు. పొరపాటున కూడా నేను పాపని వదలను. ఆ మాట మారలేదు.

వచ్చిన చిక్కల్లా జిలేబితో. అన్వర్ వాళ్ల అమ్మకి ఉబ్బసం. సిమెంటు దుమ్ముతోనే ఆవిడ ఊపిరి సగం పోయింది, ఇంక పిల్లి బొచ్చు పడదని గట్టిగా చెప్పేసింది. పాపకి ఆ మాట చెప్పలేను. ఒక కన్ను పోయిన దగ్గర్నించి దాన్ని ఒళ్లోంచి దింపడం లేదు. బడికి పోయేటప్పుడు కూడా వదినకి వంద జాగ్రత్తలు చెప్పి పోతుంది.

మీరు వచ్చి తీసుకుపోండి. బడులు తెరుస్తున్నారు. పదిహేడో తారీఖు పొద్దున పాప బడిలో ఉన్న వేళ చూసి రండి. నేను బట్టలు కుట్టించుకోవడానికి పిడుగురాళ్ల పోతున్నాను, వదిన ఇస్తుంది. సాయంత్రం పాప వచ్చాక జిలేబి పారిపోయిందని చెబుతాను. నాలుగు రోజులు ఏడుస్తుంది, మరిచిపోతుంది. అబద్ధమే. కానీ పసిపిల్లకి చెప్పదగ్గ అబద్ధమే.

ఈసారి బుట్ట గట్టిది తెచ్చుకోండి. మీ మీద నాకు ఇంకే కోపం లేదు.

సిద్దికా.


ప్రత్తిపాడు,
జూన్ 18.

సిద్దికాకు,

దువా. నిన్న మబ్బు పట్టి పోయింది, వాన లేదు. కారు వెనక సీటు బిగించాను. బిగించే ముందు లోపలంతా సబ్బు నీళ్లతో కడిగి తడిగుడ్డతో తుడిచాను.

నువ్వు చెప్పిన తారీఖుకే వచ్చాను. చెప్పిన వేళకి రాలేదు. దారిలో మధ్యాహ్నం నమాజు చేసుకుని నెమ్మదిగా వచ్చాను. షహనాజ్ బుట్ట నా చేతికిచ్చి ‘తొందరగా పోండి అన్నా, బడి వదిలే టైమైంది’ అంది. పోయాను, బడి వైపే.

పాప గేట్లోంచి వస్తూ కారుని గుర్తుపట్టింది, ఆగిపోయింది. బుట్ట ముందు సీట్లో ఉంది. లోపల జిలేబి అరిచింది. అప్పుడు దగ్గరికొచ్చింది. టీచరమ్మ ‘ఎవరమ్మా ఆయన?’ అంటే ‘మా పెదనాన్న’ అని తనే చెప్పింది.

‘జిలేబిని ఎక్కడికి తీసుకెళ్తున్నావు?’ అంది నాతో.

‘మన ఇంటికి.’

‘ఎందుకు?’

‘మీ అమ్మ తీసుకుపొమ్మంది. కొత్త ఇంట్లో పిల్లి పడదంట. పారిపోయిందని నీకు చెబుతానంది.’

నేను అబద్ధం ఆడలేదు. నీకు తగిన అబద్ధమేమో గాని అది నా నోటికి రాలేదు. పాప కాసేపు మట్టిలోకి చూసింది. ‘అమ్మ అలా అనదు’ అంది. ‘సరే, అమ్మని అడిగి రా, నేను పోతున్నా’ అని తలుపు వేయబోయాను. పుస్తకాల సంచితో సహా ఎక్కేసింది. నేను ఎక్కమనలేదు.

ఈసారి దారి తేలిగ్గా నడిచింది. జిలేబి పాప ఒళ్లో పడుకుంది, ఒక్కసారి కూడా అరవలేదు. అద్దాలు దించమని పాపే అడిగింది. సత్తెనపల్లిలో అరటిపండు తింది. అక్కడే నీ ఫోను వచ్చింది. పాపకిచ్చాను. ఏం విన్నదో గాని ‘నువ్వు నాకు అబద్ధం చెబుదామనుకున్నావా లేదా? అది చెప్పు ముందు’ అంది. తర్వాత ఫోను నాకిచ్చేసింది. నువ్వు ఏం జవాబు చెప్పావో నేను అడగలేదు.

రహిమున్నీసా మంచం మీద కొత్త దుప్పటి వేసింది. నీ నికా నువ్వు చేసుకో. మేమేం అడ్డు రాము.

ఇమాం హుస్సేన్.


దాచేపల్లి,
జూన్ 22.

బావగారూ,

మాలిక్ అన్న పోలీసులంటున్నాడు. పోలీసులొచ్చి అడిగితే పాప ఏం చెబుతుందో నాకు తెలుసు, అందుకే ఆపాను. ఫోను చేస్తే తియ్యదు. అక్క తీసి ‘ఆడుకుంటోందమ్మా’ అంటుంది. ఆడుకుంటోందట. నాకు ముద్ద దిగడం లేదు.

మీరు రాసినట్టు ఫోన్లో నన్ను అడిగింది, అబద్ధం చెబుదామనుకున్నావా అని. లేదన్నాను. రెండో అబద్ధం అది. మీరు పక్కనే ఉండి నవ్వుకునే ఉంటారు.

నికా రేపు. వాయిదా వెయ్యమని అడిగాను. అన్వర్ వాళ్లమ్మ ‘పిల్ల తనంతట తనే పోయిందిగా, ఇంకేం’ అంది. ఆ మాట విని ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నా గుండెకి తేలికయింది బావగారూ. ఆ క్షణాన్ని నాలో పెట్టినందుకు మిమ్మల్ని చచ్చేదాకా క్షమించను.

కానీ అన్వర్ మంచివాడు. వాళ్లమ్మ ఎదురుగానే అన్నాడు, ‘పిల్లిని కూడా తెచ్చేద్దాం. వెనక రేకుల గదిలో ఉంటుంది, అమ్మ అటు పోదు’ అని. ఇంతకంటే నాకేం కావాలి. శనివారం నేనూ అన్వరూ వస్తున్నాం. జిలేబి కూడా మనతోనే వస్తుందని చెబితే పాప తలుపులోంచి దూకి వస్తుంది. అది మీకూ తెలుసు. పాపకి ఈ మాట ముందే చెప్పండి. చెప్పకపోయినా ఫర్వాలేదు, నేనే వచ్చి చెబుతాను.

సిద్దికా.


ప్రత్తిపాడు,
జూన్ 28, శనివారం.

సిద్దికాకు,

రాత్రి పదును వాన పడింది. పొద్దున తెరిపిచ్చింది. కారు చక్రాలకి పట్టిన బురద కడిగాను. పత్తి గింజ పెట్టడానికి కూలీలకి రేపటికి చెప్పాను.

ఇది టపాలో వెయ్యను, నువ్వు రాగానే నీ చేతికిస్తాను. వాకిట్లో నిలబడి కేకలు వేసుకునే కంటే చదువుకోవడం మేలు. పాప దీన్ని చదవలేదు. దానికి అచ్చు అక్షరాలు వచ్చు గాని నా గొలుసు రాత రాదు. నువ్వే చదివి వినిపించాలి. నువ్వు వినిపించింది అది నమ్మాలి.

పిల్లిని కూడా రానిస్తాడని రాశావు. అన్వర్ మంచివాడే. ఆ మాట పాపకి చెప్పలేదు. చెబితే నువ్వన్నట్టే దూకి వస్తుంది.

తెల్లారి నమాజు కాగానే జిలేబిని తీసుకుని బయల్దేరాను. మన ఇళ్లల్లో పిల్లిని చంపరు, నీకు తెలుసు, అది పాపం. వద్దనుకున్న పిల్లిని నీళ్లు దాటించి వదులుతారు. నీళ్లు దాటితే దానికి దారి తెలియదంటారు. కాలువ వంతెన దాటాను. అయినా దగ్గరనిపించి పర్చూరు దాటి పొగాకు కాల్చే ఒక పాడుబడిన బ్యారన్ దగ్గర ఆపాను. చుట్టూ దున్నిన చేలు. ఇళ్లు లేవు.

తలుపు తీస్తే దిగలేదు. బుట్ట తేలేదు నేను, దాన్ని కార్లో విడిగానే ఉంచాను. దారంతా ముందు సీట్లో పాప కూర్చునే చోట కూర్చుంది. కారంటే దానికి భయం పోయింది, పాప పోగొట్టింది. ఎత్తి గట్టు మీద పెట్టాను. మళ్లీ వచ్చి కారు కిందికి దూరింది. హారన్ కొడితే బయటికొచ్చింది. నేను బండి తిప్పింది దాని ఎడమ వైపు, గుడ్డి కన్ను వైపు. కనిపించలేదనుకుంటాను. చప్పుడు పోతున్న వైపుకి చెవులు తిప్పుకుంటూ నిలబడింది. అద్దంలో అంతవరకే చూశాను.

వచ్చేటప్పటికి పాప లేచి పాలగిన్నె పట్టుకుని వాకిట్లో తిరుగుతోంది.

‘జిలేబి ఏది పెదనాన్నా?’

‘ఇవాళ మీ అమ్మ వస్తోంది’ అన్నాను. ఇంకొక్క మాట కలపలేదు.

నా మొహంలోకి చూసింది. ‘కొత్త ఇంట్లో పడదని ముందే పంపించేశావా? అమ్మ పంపించెయ్యమందా?’ అంది. రహిమున్నీసా ఏదో చెప్పబోయింది, నేను చూస్తే ఆగింది. పాప పాలు గోడవారన పారబోసి గిన్నె అక్కడే పెట్టింది. ఏడవలేదు.

నువ్వొచ్చి నిజం చెప్పు. పెదనాన్నే పారేశాడని చెప్పు. నేను కాదనను. నేను తల ఊపినా సరే, అమ్మ పెదనాన్నతో అలా అనిపించిందనుకుంటుంది. పిల్ల బుద్ధి అది, ఒకసారి ఎటు వాలితే అటే. అటు వాల్చింది నేను కాదు.

అన్వర్‌కి అన్నం పెట్టకుండా పంపను. రహిమున్నీసా బియ్యం కడిగింది. తిని పోండి. పండక్కి వస్తానంటే రా, వద్దనను. ముస్తాక్ గొంతు విని పాపకి నిద్ర పట్టదన్నారు మీరు. నాలుగు రోజులుగా నేను పక్కన కూర్చుని కబుర్లు చెబితేనే నిద్రపోతోంది.

వీధి మలుపులో ఆటో చప్పుడైంది. పాప విని లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. నేను పెట్టుకోమనలేదు. ఆటో మన గేటు దగ్గరే ఆగింది. నిన్ను కూర్చోబెట్టి ఇది నీ చేతికివ్వాలి. పెరట్లో కోళ్ల గంప ఇంకా ఎత్తనే లేదు, అది ఎత్తి వస్తాను.

ఇమాం హుస్సేన్.